బట్టమేకయు, బక్కరైతును

పరుల సొమ్ముతో పుణ్యము గడించుట మన దేశమున క్రొత్త విద్య కాదు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసెనని మన పెద్దలు సామెత కట్టినది ఇట్టి దాతలను చూచియే. ఈ కాలమున ఆ దానము మఱియొక రూపము దాల్చినది. పట్టణమున దీపము క్రింద కూర్చుండి మనము జింకపై జాలిపడుదుము. దానికి మేత మాత్రము రైతు పెట్టవలెను. బట్టమేక పక్షి భూమిమీద లేకుండ పోవుచున్నదని మనము నిట్టూర్పు విడుతుము. దానికి చోటు మాత్రము మెట్టపొలము దున్నువాడు విడువవలెను. దయ మనది, వ్యయము వానిది. ఈ లెక్క తప్పని చెప్పుటకే ఈ వ్యాసము.

1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినది. దానివలన మేలు కలుగలేదని నేననను. విలాసమునకు తుపాకి పట్టి తిరిగినవారి చేతులను ఆ చట్టము కట్టినది. చర్మములను, కొమ్ములను అమ్ముకొను బేరగాండ్రను నేరస్థులను చేసినది. కృష్ణజింక నేడు ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువై బ్రతికియున్నదనిన, అందు ఈ చట్టమునకు భాగము కలదు. కాని యేబది యేండ్లు దాటిన యే శాసనమునకైనను పరీక్ష అవసరము. కేరళమునుండి హిమాచలము వఱకు రైతులు నేడు ఆ పరీక్షనే కోరుచున్నారు. 2025లో కేరళ శాసనసభ తన రాష్ట్రమునకు వర్తించునట్లు ఈ చట్టమును సవరించు బిల్లును ఆమోదించుట ఆ మొఱకు ఫలమే. ఈ మాట చెవిని బడగానే చదువుకొన్నవారిలో పెక్కుమంది, “రైతులు జంతువులను చంపుటకు సెలవడుగుచున్నారు” అని ముఖము త్రిప్పుకొందురు. అడుగువారు ఏమి అడుగుచున్నారో వినకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు. కనుక ఒక చోటికి పోయి, ఒక పక్షిని, ఒక జంతువును, ఒక రైతును ఎదుట పెట్టుకొని విచారింతము.

ఆ చోటు రోళ్ళపాడు. 2022 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన మెట్టయూరు. ఆ ప్రాంతమున చెట్లు తక్కువ, గడ్డి యెక్కువ. జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ, పప్పుధాన్యములు వానను నమ్మి పండిన నేల. బట్టమేక కోరునది అట్టి నేలయే. మగపక్షి మీటరు ఎత్తు నుండును, పదునైదు కిలోగ్రాముల వఱకు తూగును. ఎగురు పక్షులలో ఇంత బరువైనవి లోకమున బహు కొద్ది. ఇది చెట్టెక్కదు, గూడు కట్టదు. వట్టినేలమీద సాధారణముగా ఒక్కటే గ్రుడ్డు పెట్టును. మిడుతలను, పురుగులను, గింజలను ఏరుకొని తినును; మేతకై చేలలో తిరుగును. అనగా దీని బ్రతుకు అడవిలో లేదు. రైతు పొలముతో ముడిపడి యున్నది. ఈ యొక్క మాటను మఱచుటయే తరువాతి తప్పులన్నిటికి మూలము.

1980 తరువాతి సంవత్సరములలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు అచ్చట నిలిచి ఈ పక్షిని పరిశోధించిరి. 1988లో ప్రభుత్వము 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యముగా ప్రకటించెను. కంచెలు వేసిరి, పశువులను ఆపిరి, గడ్డి పెరిగినది. గడ్డితోపాటు కృష్ణజింకలును పెరిగినవి. మొదట కొద్దిగా నుండినవి కాలక్రమమున వందలైనవి. కంచె లోపల ప్రాణభయము లేదు. కంచె వెలుపల లేతపైరు కలదు. జింక యేమి చేయును? అది చేలలో దిగినది. కంచెయే చేను మేసెనను సామెతను మనము ఇన్నాళ్లు ఉపమానముగా వాడుకొంటిమి. ఆ యూరివారు కన్నులార చూచిరి.

మఱి బట్టమేక యేమైనది? అది నానాటికి తగ్గినది. కాలువనీరు వచ్చినకొలది జొన్నయు, కొఱ్ఱయు వెనుకకు పోయి, ప్రత్తి మొదలగు వ్యాపారపు పైరులును, వానితో పురుగుమందులును వచ్చినవి. ఆ మార్పు అభయారణ్యపు హద్దునకు ఆవల జరిగినది గనుక సంరక్షకుల కంటికి ఆనలేదు. ఇటీవలి సంవత్సరములలో అచ్చట బట్టమేక కనబడుటయే అరుదు. పక్షి కొఱకు కట్టిన యిల్లు జింకదైనది. దాని అద్దెను ఇరుగుపొరుగు రైతులు చెల్లించుచున్నారు.

ఇప్పుడు శాసనము రైతుతో నేమనుచున్నదో చూతము. బట్టమేకయు, కృష్ణజింకయు మొదటి షెడ్యూలులోనివి. ఆ షెడ్యూలులోని జంతువు మనుష్యుని ప్రాణమునకు అపాయకరమైనప్పుడు, లేదా కోలుకొనరాని రోగముననో అంగవైకల్యముననో పడినప్పుడు మాత్రమే, 11వ ప్రకరణము ప్రకారము, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దానిని చంపుటకు ఉత్తరువీయవచ్చును. రెండవ షెడ్యూలులోని అడవిపంది విషయమున పైరునష్టము కూడ ఒక కారణము కాగలదు. కృష్ణజింక విషయమున కాజాలదు. చేనంతయు నేలమట్టమైనను శాసనము దృష్టిలో అపాయము సంభవింపలేదు. రైతు తనంత తాను చేయి చేసికొనెనా, మూడేండ్లనుండి ఏడేండ్ల వఱకు చెఱసాల. 2022 సవరణ తరువాత జరుమానా ఇరువదియైదు వేలకు తగ్గరాదు. చర్మముల వ్యాపారికిని, చేను కాచుకొను వానికిని శిక్షాప్రకరణము ఒక్కటియే.

జింకను చంపనిమ్మని నేనడుగుట లేదు. అట్లడుగువారితో నాకు వేఱే వివాదము కలదు. అది ముందు వచ్చును. నేనడుగునది వేఱు. చేయి కట్టివేసిన శాసనము, ఆ చేతిలోని ముద్దను లాగికొన్నప్పుడు మఱియొక ముద్ద పెట్టవలదా? చట్టమున పైరునష్టమునకు పరిహారము రైతు హక్కని చెప్పు ప్రకరణము లేదు. పరిహారములు రాష్ట్రప్రభుత్వముల ఉత్తరువులనుబట్టి వచ్చుచున్నవి. వచ్చినప్పుడు వచ్చినట్లు, రానప్పుడు రానట్లు. శిక్ష శాసనములోనున్నది, పరిహారము దయలోనున్నది. ఇదియే నా అభియోగము.

రైతు తన వాదమును తాను చెప్పుకొనిన నిట్లుండును. “అయ్యా! మా తాతలనాడును జింకలుండెను. మేము వానిని పగబట్టలేదు. చేనికి మంచె వేసికొంటిమి, వడిసెల త్రిప్పితిమి, కేకలు వేసితిమి. నాలుగు మొక్కలు పోయినను ఊరకుంటిమి. ఇప్పుడు వచ్చునది నాలుగు జింకలు కావు, మంద. మొలకనాటినుండి కోతనాటివఱకు ఇంటికొకరు చేనిలో పడుకొనవలెను. నేను కూలికి పోయిననాడు నా భార్య పడుకొనును. పామునకు, చలికి ఆమె గుఱియగుచున్నది. ఆ కావలికి కూలి యే లెక్కలోను లేదు. సెనగ వేయుట మానుకొనుమని ఒకరు, కంచె వేసికొనుమని ఒకరు బుద్ధి చెప్పుదురు. సెనగ మానిన నేమి వేయవలెను? కంచెకు పెట్టుబడి ఎవరిత్తురు? మీరు కాపాడుడని చెప్పిన జంతువును మేము కాపాడుచున్నాము. మమ్ము దొంగలవలె కాక పనివాండ్రవలె చూడుడు.” ఇందు అధర్మమేమున్నదో చదువరులే చెప్పవలెను.

భీమా కలదు గదా యని కొందఱందురు. ప్రధానమంత్రి పంటల భీమా పథకమున అడవిజంతువులవలని నష్టమును చేర్చి, 2026 ఖరీఫునుండి అమలు జరుపుదుమని కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించెను. ఇది మంచి అడుగే. కాని దాని నిబంధన చూడుడు: నష్టము జరిగిన 72 గంటలలోగా రైతు తన చేతిఫోనులో పొలము ఛాయాచిత్రమును, స్థలపు గుర్తుతో సహా తీసి పంపవలెను. ఏ జంతువులకు, ఏ జిల్లాలకు ఇది వర్తించునో రాష్ట్రప్రభుత్వములు ప్రకటింపవలెను. జింక ఒక్కరాత్రి చేనంతయు మేయదు. నేడు కొంత, రేపు కొంత, మొలకల చివుళ్లు గిల్లుచు పోవును. ఏ దినము నష్టము జరిగెనని వ్రాయవలెను? కౌలుకు దున్నువాని పేరు భూమి లెక్కలలోనే యుండదు. భర్త పట్టణమునకు వలసపోగా సేద్యము నడుపు ఆడుదాని పేరు తఱుచుగా నుండదు. అట్టివారు పంపిన పటము ఎవరి ఖాతాను చేరును? సాక్ష్యము తెచ్చుకొను భారమును కూడ నష్టపోయినవానిపైననే వేయుట సరియైన పరిహారము కాదు.

రైతు నష్టపడిన పడెను, పక్షియైనను దక్కెనా? అదియు లేదు. 1969లో ఈ దేశమున బట్టమేకలు సుమారు 1,260 యుండునని అంచనా వేసిరి. నేడు స్వేచ్ఛగా తిరుగునవి ఇంచుమించు నూటయేబది. అందును పెక్కింటికి రాజస్థానమే దిక్కు. మధ్యప్రదేశమున కరేరా అభయారణ్యమును 1981లో ఈ పక్షి కొఱకే యేర్పఱచిరి. 202 చదరపు కిలోమీటర్లలో రైతుల సొంతపొలములును కలిసిపోయినవి. భూముల క్రయవిక్రయములకు ఆటంకము కలిగినది. కూతురి పెండ్లికో, రోగమునకో ఎకరము అమ్ముకొనలేని రైతునకు ఆ పక్షి యే రూపమున కనబడియుండునో ఊహింపుడు. అచ్చటను కృష్ణజింకలు పెరిగినవి. 1990 దశాబ్దము నడిమికి బట్టమేకలు అదృశ్యమైనవి. పక్షి పోయిన తరువాత కూడ ఆంక్షలు చాలకాలము నిలిచియే యుండెను. మహారాష్ట్రమున 1979లో 8,496 చదరపు కిలోమీటర్లను, అనగా ఊళ్లతో, సంతలతో, చెఱకుతోటలతో కూడిన సీమనంతయు, బట్టమేక అభయారణ్యమని ప్రకటించిరి; తరువాత దానిని 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించిరి. పటముపై గీత గీయుట సులభము. ఆ గీత లోపల బ్రతుకువానిని అడుగుట మాత్రము మన అధికారులకు అలవాటు కాలేదు.

రాజస్థానమున విద్యుత్తీగెలకు కొట్టుకొని ఈ పక్షులు చచ్చుచున్నవి. 2021 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము అవి తిరుగు ప్రాంతములలో తీగెలను భూమిలో పాతుడని ఆజ్ఞాపించెను. అంత విస్తారమున ఆ పని సాధ్యము కాదని ప్రభుత్వము విన్నవింపగా, 2024 మార్చిలో ఆ ఆజ్ఞను సవరించి, నిపుణుల సంఘమునకు విషయము నప్పగించెను. నేను న్యాయస్థానమును తప్పుపట్టుట లేదు. రెండు పక్షముల కష్టము విని మార్గము వెదకుట న్యాయస్థానపు ధర్మమే. నేనడుగునది ఒక్కటి: తీగె యజమానుని కష్టము వినుటకు చెవులున్నవి, నాగలి పట్టువాని కష్టము వినుటకు చెవు లేల లేకపోయినవి? తీగెకు వంగిన శాసనము నాగలికి వంగిన, అది జీవహింసయని గగ్గోలు పెట్టుట ఏ నీతి?

భయమువలన మాత్రమే జంతువులను కాపాడదలచు శాసనము తన పనిని తానే చెఱుపుకొనును. పొలమున బట్టమేక గ్రుడ్డు కనబడినదనుకొనుడు. ఆ సంగతి చెప్పిన రైతునకు కలుగు లాభమేమి? అధికారులు వత్తురు, దున్నరాదందురు, రేపు హద్దు గీయుదురేమో యను భయము. చెప్పకుండిన నేమి నష్టము? ఏమియు లేదు. నాగలి ఒక చాలు సాగును, గ్రుడ్డు మట్టిలో కలియును, సాక్షి యుండడు. ఇది మన రైతు దౌర్జన్యము కాదు, మనుష్యస్వభావము. అమెరికాలో 1973లో ఇట్టి శాసనమే చేసిరి. ముసలి దేవదారు చెట్లలో తొఱ్ఱ చేసికొను ఒకజాతి వడ్రంగిపిట్ట తమ తోటలో చేరిన, ఇక చెట్టు కొట్టనీయరని భయపడి, ఆ పిట్టలకు సమీపమున తోటలున్నవారు చెట్లు ముదురకముందే నఱికి అమ్ముకొనుచున్నారని అచ్చటి పండితులు లెక్కలతో చూపిరి. పిట్టను కాపాడు చట్టమే పిట్ట చెట్టును కొట్టించినది. తప్పు తెలిసికొని 1995లో ఉత్తర కరొలీనాలో క్రొత్త ఒడంబడిక తెచ్చిరి: నీవు పిట్టకు అనుకూలముగా తోట నుంచితివేని, దానివలన నీకు క్రొత్త బంధనములు రావు అని. భూస్వాములు భయము విడిచి చేరిరి. వారికంటె మన రైతు దుష్టుడా?

మన సీమలోనే చూడుడు. హిందూపురము దాపున వీరాపురమునకు, శ్రీకాకుళమున తేలినీలాపురమునకు ఏటేట కొంగలు వచ్చి ఊరిచెట్లపై గూళ్లు కట్టుచున్నవి. ఊరివారు వానిని శుభముగా నెంచి కాపాడుచున్నారు. ఆ కొంగలు పైరు మేయవు. కనుక ప్రేమించుట తేలికయే. ప్రేమ తేలిక కాని చోట, అనగా జంతువు నోటికందినది రైతు నోటికందనిచోట, ఊరి మంచితనమొక్కటియే చాలదు. దానికి ఊతగా శాసనము నిలువవలెను.

ఇక రైతుల పక్షమున మాటలాడుచు, చట్టమునే తీసివేయుడు, తుపాకు లిండు, అని కేకలు వేయువారికి ఒక్కమాట. చట్టము పోయిననాడు ముందుగా పొలమునకు వచ్చువాడు రైతు కాడు, మాంసపు బేరగాడు. వాని జీపు రాత్రివేళ మీ చేలలోనే పరుగెత్తును. మిడుతను తిను పక్షి పోయిన పిమ్మట పురుగుమందుల అంగడికి మీరే అప్పుపడుదురు. రైతు కోరిన న్యాయమును వేటగాని కోరికతో ముడివేయుట రైతునకు చేయు ద్రోహము. చట్టము నిలువవలెను, నిలుచుటకే మాఱవలెను.

ఏ రీతి మాఱవలెను? మొదటిది: పైరునష్ట పరిహారము చట్టములోనే హక్కుగా వ్రాయబడవలెను. గడువు నిర్ణయింపవలెను, గడువు దాటిన వడ్డీ చేర్పవలెను, సొమ్ము పట్టాదారునకు గాక సాగు చేసినవారికి ముట్టవలెను. రెండవది: పక్షి గ్రుడ్డు పెట్టిన పొలమును ఆ కారు దున్నక విడిచినవానికి, మందు చల్లక జొన్నయో కొఱ్ఱయో వేసినవానికి, ఏటేట ప్రతిఫల మీయవలెను. స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన వారి భూములను సాముదాయిక సంరక్షణ స్థలములుగా ప్రకటించు ఏర్పాటు 2002 సవరణవలన చట్టములో నున్నదే. దానికి ధనము తోడైన చాలును. మూడవది: ఒకచోట మితిమీరి పెరిగిన జంతువులను వేఱుచోటికి తరలించుటకు 12వ ప్రకరణమున అధికారము కలదు. కాని అధికారము వేఱు, విధి వేఱు. గ్రామసభ కోరినప్పుడు విచారించి, నిర్ణీతకాలములోగా చర్య తీసికొనుట ప్రభుత్వమునకు విధి కావలెను. నాల్గవది: పొలములపై ఆంక్ష పెట్టుటకు ముందు ఊరిని అడుగవలెను, పదేండ్లకొకసారి పునర్విచారణ చేసి, కాపాడవలసినది అచ్చట లేదని తేలిన, ఆంక్షను ఎత్తివేయవలెను.

దొంగలెక్కలు వ్రాయుదురను ఆక్షేపణ కలదు. కొందఱు వ్రాయుదురు. ఆదాయపు పన్నులో దొంగలెక్కలు వ్రాయు పట్టణవాసి యున్నాడని మనము లెక్కలే మానితిమా? పరీక్షకు మార్గములున్నవి, అనుమానమును సాకుగా పెట్టి బాకీ యెగగొట్టుట మార్గము కాదు. ధన మెక్కడిదను ఆక్షేపణ మఱియొకటి. బట్టమేక జాతీయ సంపదయని మనమే చెప్పుచున్నాము. జాతి సంపదకు కావలికూలి జాతి బొక్కసమునుండి గాక ఒక మెట్టరైతు గాదెనుండి రావలెనా? జైసల్మేరు ప్రాంతమున 2019నుండి గ్రుడ్లను తెచ్చి పొదిగించి బట్టమేక పిల్లలను పెంచుచున్నారు. శ్లాఘ్యమైన ప్రయత్నమే. కాని పెరిగిన పిల్లల నెన్నడో విడువవలెను గదా! అవి వ్రాలునది మరల చేలలోనే. ఆనాడు ఆ చేని యజమాని వానిని చూచి సంతోషించునా, భయపడునా యనుదానిపై ఇప్పటి శ్రమయంతయు ఆధారపడియున్నది.

ఈ పత్రిక చదువు గృహస్థులలో, గృహిణులలో, చేను పోగొట్టుకొన్నవారు కొద్దిమందియే యుందురు. కావుననే వారితో మనవి. రైతులు చట్టసవరణ కోరిన వార్త చదివినప్పుడు, చంపుట కడుగుచున్నారని తొందరపడి తలంపకుడు. ఏమడుగుచున్నారో కడవఱకు చదువుడు. మీ సభలలో జంతుదయను గూర్చి తీర్మానములు చేయునపుడు, దాని వ్యయము నెవరు భరింపవలెనో కూడ అదే తీర్మానములో వ్రాయుడు. మీ వంటయింట జొన్నరొట్టెకు, కొఱ్ఱన్నమునకు వారమున రెండుదినములైనను చోటీయుడు. మీరు కొన్ననే గాని వాడు పండింపడు, వాడు పండించిననే గాని బట్టమేకకు తిరుగ చోటు దొరకదు. దయ మంచిదే. కాని మన దయకు మనము వెల చెల్లించినప్పుడే అది మనదగును. అంతవఱకు అది రైతు పెట్టిన అప్పు. ఆ అప్పు తీర్చుమనియే రైతు అడుగుచున్నాడు.